రాజు పని పక్కనబెట్టి కొండెక్కినం

ఆ కబురు మొదట నా చెవిన వేసింది మా మరిది కూతురే. మొన్న ఆదివారం వచ్చి, నేను పొద్దటి దీపం పెట్టి ఇంకా లేవకముందే, పెద్దమ్మా, నువ్వూ నాయనమ్మా ఆడిన ఆట మళ్ళీ కొత్తగా చేసిన్రట, డాడీ నీకు చెప్పమన్నడు అన్నది. ఫోనులో చూపించింది కూడా. గడ్డిపోచలన్నీ గాలికి ఊగుతున్నవి, నీళ్ళల్లో మబ్బులు కనిపిస్తున్నవి. చూస్తుంటే నాకు మాత్రం ఎప్పటిదో అలసట గుర్తుకొచ్చింది.

మన ఈడు ఆడవాళ్ళకు ఆటంటే పచ్చీసూ వామనగుంటలే కదా, కంప్యూటరు ఆట ఏమిటని నవ్వుకుంటారేమో. నేను బడికి పోయినదాన్ని కూడా కాదు. నాయిన దగ్గర ఇంట్లోనే కూర్చుని తెలుగు నేర్చుకున్నాను, ఇంగ్లీషు అక్షరం ముక్క రాదు. తొంభైల చివర్లో మా అత్తమ్మకు పక్షవాతం వచ్చి ఒక పక్క పడిపోయింది. మా ఆయన పొద్దున్నే బట్టల దుకాణానికి పోతే దీపాల వేళకు గానీ రాడు. అత్తమ్మను లేపడం, కడగడం, తినిపించడం, మధ్యలో వంట, బోరింగు నీళ్ళు, బట్టలు, అంట్లు. అలసట ఆ రోజుల్లో ఒంటి మీది చీరలాగే ఉండేది, ఉన్నదన్న సంగతి కూడా తెలిసేది కాదు.

మా మరిది అప్పుడే పట్నంలో కంప్యూటరు నేర్చుకుని వచ్చి, సిద్దిపేటలో సెంటరు పెడదామని ఒక పాత మిషిను కొన్నాడు. కిరాయికి తీసుకున్న గదికి సున్నాలు వేసేదాకా దాన్ని అత్తమ్మ గదిలో పెట్టాడు, వానకు కురవని గది ఇంట్లో అదొక్కటే కనుక. అందులో ఉండేది ఆ ఆట. కోటలో ఒక రాజు ఉంటాడు, గుహలో ఉన్న రాక్షసుణ్ణి చంపి రమ్మని మనకు పని చెప్తాడు. అయితే కోట గేటు దాటినంక ఎటైనా పోవచ్చు, ఏ ఊరైనా, ఏ అడవైనా. రాజు పని చెయ్యకుంటే ఏమైతదని అడిగాను.

"ఏం కాదు వదినా, ఆయన అట్లనే కూసుంటడు" అన్నాడు.

ఆ మాట నాకు ఎంత హాయిగా తోచిందో చెప్పలేను. పొయ్యి మీది పాలు నా కోసం ఆగవు, నానబెట్టిన పప్పు ఆగదు, మంచం మీది మనిషి అవసరం అసలే ఆగదు. పని వదిలిపెట్టి పోయినా మారు మాట్లాడకుండా ఎదురుచూసే లోకం ఒకటి ఉన్నదంటే నమ్మబుద్ధి కాలేదు.

"మనకు పని జెప్పి తాను కుర్చీల గూసున్నడు, గదేం రాజు? నడువు, బయటికి పోదాం" అని మంచం మీది నుంచి అత్తమ్మ తీర్పు చెప్పింది.

ఆ రోజు నుంచి మధ్యాహ్నం అంట్లు తోమి రాగానే ఆట పెట్టమనేది. మీటలు నావి, దారి ఆమెది. ఆ ఆటలో ఎవరింట్లోకైనా పోయి కుండల్లో ఉన్నవి తీసుకోవచ్చు, అవి అమ్మి కత్తి కొనుక్కోవాలట. అత్తమ్మ ముట్టనియ్యలేదు, ఎవరి కష్టమో మనకెందుకనేది. అందుకని కత్తి లేదు, డాలు లేదు, తోడేలు కనిపిస్తే ఉరుకుడే. ఎదురైన మనుషులు ఇంగ్లీషులో ఏదో అనేవారు, నాకు తోచింది నేను చెప్పేదాన్ని, బాగున్నరా అంటున్నడు అత్తమ్మా అని.

"ఎప్పుడు పోయినా గదే మాట. అచ్చం మన కిరాణా సేటు లెక్కనే ఉన్నడు" అని నవ్వేది.

దూరాన ఒక కొండ కనిపించేది. కాలు నడిచినన్నాళ్ళు అత్తమ్మ ఏటేటా కొమురవెల్లి మల్లన్న జాతరకు పోయి గుట్టెక్కిన మనిషి, ఆ ఏడు పోలేకపోయింది. అది బొమ్మ అని ఆమెకు తెలుసు, మొక్కు కింద లెక్కగట్టలేదు కూడా. ఎక్కాలని ఉన్నది, అంతే. ఇంతలో మరిది గది తయారైంది. దసరాకు సెంటరు తెరుస్తానని, మిషిను అంతకుముందే తీసుకుపోతానని అన్నాడు. ఇక నాకు ఆదుర్దా పట్టుకుంది. తోడేళ్ళకు చిక్కి, కరెంటు పోయి, ఎన్నిసార్లు వెనక్కి పడ్డామో. నేను తొందరపడుతుంటే ఆమె మాత్రం, గా ఇంట్ల ఎవరున్నరో చూసి పోదాం అంటూ పక్కకు తిప్పేది. నాకు విసుగొచ్చేది, లోపలే మింగేదాన్ని.

మరిది ఆటో మాట్లాడి వచ్చిన నాటి మధ్యాహ్నమే కొండ మీదికి చేరాము. పైన గుడీ లేదు, ఏమీ లేదు, నాలుగు రాళ్ళు, గాలి చప్పుడు. వచ్చిన దిక్కుకు తిప్పమన్నది. నడిచిన ఊళ్ళన్నీ కింద చిన్నగా కనిపించాయి. చాలాసేపు చూసి, మంచి చేయి నా మోకాలి మీద వేసింది.

"ఇగ రేపటి సంది నిన్నెట్ల గూసోబెట్టాల్నో బిడ్డా" అన్నది.

అప్పుడు గానీ తెలియలేదు నాకు. కూర్చోమంటే నేను ఎట్లాగూ కూర్చోనని, ఇన్నాళ్ళూ నన్ను ఆ ఇంటికీ ఈ ఇంటికీ తిప్పుతూ కుర్చీలోంచి లేవనియ్యలేదు ఆమె. మరిది తీగలు విప్పి మిషినును ఆటోలో తీసుకుపోయాడు. ఆ పై ఎండాకాలం అత్తమ్మ పోయింది. అటువంటి మనిషికి సేవ చేసే భాగ్యం ఇచ్చినందుకు రోజూ దీపం ముందు దేవునికి దండం పెట్టుకుంటాను.

కొత్త ఆటలో దారి తప్పే పనే లేదట, పోవలసిన చోటికి బాణం గుర్తు తీసుకుపోతుందట. ఇంట్లోనూ అంతే, నీళ్ళకు మోటరు, బట్టలకు మిషిను, కూర్చోవడానికి కావలసినంత పొద్దు. కూర్చోమనే మనిషి లేదు. మీ పిల్లలో మనుమలో ఆ ఆట ఆడుతూ ఎప్పుడైనా ఆ కొండ మీదికి చేరితే, వెంటనే దిగకుండా కాసేపు ఊరికే ఆగమనండి. ఆ కాసేపు మీరు కూడా పక్కన కూర్చుని, మా అత్తమ్మను ఒక్కసారి తలుచుకోండి.