మంచం కింద అట్టపెట్టె

అక్క పోయిన పదహారో రోజున, జ్ఞాపకార్థ కూడిక అయిన మర్నాడు, పొద్దున్నే బావ ఫోన్ చేశాడు. నన్ను తనూ బావా అనే పిలుస్తాడు.

"ఖాళీయేనా బావా?"

"ఖాళీయే. ఏటి?"

"కారు ముందు ఆర్మ్‌లు మార్సీద్దాం. పాత బట్టలేసుకుని రా."

ఎందుకని అడగలేదు. దువ్వాడలో ఇంటర్ పిల్లలకి లెక్కలు చెప్పే ఉద్యోగం నాది. అప్పటికింకా సెలవులోనే ఉన్నాను. ఆ పదహారు రోజులూ ఎవరు ఏది చెప్తే అది చేశాను. చర్చి నుంచి కుర్చీలు తెప్పించమంటే తెప్పించాను. ఫొటోకి ఫ్రేము కట్టించమంటే కట్టించాను. పాస్టరుగారు రెండు మాటలు మాట్లాడమంటే లేచి నిలబడి రెండు మాటలు మాట్లాడాను. ఏం మాట్లాడానో గుర్తులేదు. ఏడుపు మాత్రం రాలేదు. రావట్లేదే అన్న బాధ కూడా లేదు. కారు పనికి రమ్మన్నా అలాగే వెళ్ళాను.

బావ స్టీల్ ప్లాంటులో ఫిట్టరు. ఇల్లు టౌన్‌షిప్‌లో, కింది అంతస్తు క్వార్టరు. వాళ్ళకి పిల్లల్లేరు. నేను వెళ్ళేసరికి కారుని క్వార్టరు పక్కనున్న సిమెంటు నేల మీదకి తెచ్చి, వెనక చక్రాలకి ఇటుకలు అడ్డం పెట్టి ఉంచాడు. గడ్డం గీసుకోలేదు. ప్లాంటులో ఇచ్చిన నీలం చొక్కా వేసుకున్నాడు. నన్ను చూసి లోపలికి వెళ్ళి, పడగ్గదిలోంచి ఒక అట్టపెట్టె తెచ్చి కారు పక్కన పెట్టాడు. అందులో రెండు కొత్త లోయర్ ఆర్మ్‌లు ఉన్నాయి. కొని మూడు నెలలు దాటింది.

ఆ కారు సంగతి చెప్పాలి. చిన్న కారు, పాతది. బావ దాన్ని కొనేటప్పటికే అది ఒకరి చేతిలో బాగా తిరిగింది. అక్కకి రొమ్ములో వచ్చిన జబ్బు వెన్నెముకకి పాకిందని తెలిశాక సిటీలోని ఆస్పత్రిలో రేడియేషన్ మొదలుపెట్టారు. వారానికి అయిదు రోజులు వెళ్ళాలి. బావకి డ్యూటీ ఉన్న రోజుల్లో నేను తీసుకెళ్ళేవాణ్ణి, నాకు క్లాసులున్న రోజుల్లో బావ. కూర్మన్నపాలెం నుంచి గాజువాక మీదుగా ఎన్‌ఏడీ కూడలి దాకా ఆ రోడ్డు ఎలా ఉంటుందో అటు తిరిగేవాళ్ళకి చెప్పక్కర్లేదు. లారీలు తొక్కిన గుంతలు, గుంతల మీద అతుకులు, ఆపైన స్పీడ్ బ్రేకర్లు. ఒక్కోటి దాటినప్పుడల్లా కారు కింద ముందువైపు టక్కుమనేది. మొదట్లో చిన్నగా, తర్వాత్తర్వాత ఎవరో సుత్తితో కొట్టినట్టు.

గాజువాకలో ఒక మెకానిక్ కారు పైకెత్తి, కింద రాడ్డు దూర్చి కదిపి చూశాడు.

"ఆర్మ్‌లు రెండూ అయిపోనాయి సార్. బుష్‌లు సిరిగిపోనాయి. ఒక్క రోజు బండి వదిలీండి."

చక్రాన్ని బండితో కలిపే ఇనప చెయ్యి లాంటిది ఆర్మ్. బండికి తగిలించిన చోట ఇనపగొట్టం చుట్టూ రబ్బరు ఉంటుంది. అదే బుష్. రోడ్డు కొట్టే దెబ్బని అది మింగాలి. చిరిగిపోతే ఇనుము ఇనుముకి కొట్టుకుని, దెబ్బ తిన్నగా సీట్లోకి వస్తుంది. సీట్లో అక్క ఉండేది.

నడుం వెనక దిండు పెట్టుకుని, కిటికీ పైనున్న పిడిని ఎడంచేత్తో పట్టుకుని కూర్చునేది. స్పీడ్ బ్రేకరు కనిపించగానే మాట్లాడుతున్న మాట మధ్యలో ఆపేసేది. దాటాక ఊపిరి వదిలి, ఆపిన మాట దగ్గర్నుంచి మళ్ళీ మొదలుపెట్టేది. అబ్బా అనేది కాదు. రెండుసార్లు మాత్రం "ఆ సప్పుడేదో సూపించండ్రా" అంది.

బావ మెకానిక్‌కి ఇవ్వలేదు. "రోలింగు మిల్లు ఇప్పీసి బిగించినోణ్ణి, ఇదో లెక్కేటి, ఆదివారం నానే సేసీత్తాను," అని ఆర్మ్‌లు కొనుక్కొచ్చాడు. ఆ ఆదివారం చుట్టాలొచ్చారు. ఆ పై ఆదివారం అక్కకి వాంతులు. తర్వాత ఎవరో సెలవు పెడితే బావకి డబల్ డ్యూటీ పడింది. "ఈ వారం కచ్చితంగా సేసీద్దాం" అని నేనూ అన్నాను. ఒక్క రోజు బయట కారు మాట్లాడుకుని దీన్ని గాజువాకలో వదిలేస్తే సరిపోయేది. ఆ ఆలోచన రాలేదని చెప్పను. వచ్చింది. చెయ్యలేదు. అలసిపోయి ఉన్నాం. అంతకు మించి చెప్పడానికి నా దగ్గర వేరే కారణం లేదు.

ఆ రోజు ముందు ఎడమ చక్రంతో మొదలుపెట్టాం. జాకీతో ఎత్తి, స్టాండు పెట్టి, చక్రం విప్పాం. బావ వెల్లకిలా పడుకుని కారు కిందకి దూరాడు. అడిగిన స్పానరు అందివ్వడం నా పని. ముందు బోల్టు తేలిగ్గానే వచ్చింది. వెనకది రాలేదు. సముద్రగాలికి తుప్పు పట్టి బోల్టూ గొట్టమూ ఒకటైపోయాయి. తుప్పు వదిలించే నూనె కొట్టి కాసేపు ఆగాం. ఎదురు క్వార్టరావిడ గేటు దాకా వచ్చి, మమ్మల్ని చూసి, లోపలికి వెళ్ళిపోయింది.

"పైపు తే," అన్నాడు బావ.

స్పానరు పిడికి పొడుగాటి ఇనపగొట్టం తొడిగి నన్ను పట్టుకోమన్నాడు. తను కింద నుంచి బయటికొచ్చి దాని చివర రెండు కాళ్ళతో ఎక్కి నిలబడ్డాడు. కదల్లేదు. చిన్నగా ఎగిరాడు. మూడోసారికి టప్పుమంది. బోల్టు విరిగిందనుకున్నాను. వదిలింది. ఆ క్షణంలో అయ్యో అనిగాని, హమ్మయ్య అనిగాని ఏమీ అనిపించలేదు. చేతిలో గొట్టం వేడిగా ఉంది, అంతే తెలిసింది.

చక్రం వైపున్న కీలుని, బాల్ జాయింటుని, పక్కనుంచి సుత్తితో కొట్టి విడిపించాక ఆర్మ్ చేతికొచ్చింది. బావ గోడకానుకుని కూర్చుని, గుడ్డతో దాని మట్టి తుడిచాడు. బుష్‌లో రబ్బరు చుట్టూరా చిరిగి ఉంది. మధ్యలో గొట్టాన్ని చూపుడువేలితో కదిపాడు. అటు కదిపితే అటు, ఇటు కదిపితే ఇటు వస్తోంది. మళ్ళీ కదిపాడు. చాలాసేపు అలా కదుపుతూనే ఉన్నాడు.

"ఇంతేనా బావా?" అన్నాడు.

"ఏటి?"

"ఇంతే ఉన్నాది సూడు. గుప్పిట్లో ఇమిడిపోద్ది."

నేను విప్పిన బోల్టులు ఏరి పక్కన పెట్టాను.

"నానొక పని సేసేను," అన్నాడు. తల ఎత్తలేదు. "మీ అక్కతో అబద్దమాడేను. ఈటిని కొన్న నెల మజ్జిలో ఒక ఆదివారం, నువ్వు రానేదు సూడు, ఆ రోజు. కారు బాగు సేసీసేనని సెప్పీసేను. మళ్ళీ మళ్ళీ అడుగుద్దేమోనని. సోమారం నానే తీసుకెళ్ళేను. 'బాగున్నాది, ఇప్పుడు తేడా తెలుత్తంది' అన్నాది. నమ్మిందనుకున్నాను. పడుకుంటే అదే గుర్తొత్తంది. నమ్మిందంటావా? ఆమెకి తెలిసుంటాదా?"

అది నాకు తెలుసు. ఆ మంగళవారం అక్కని తీసుకెళ్ళింది నేను. ఎన్‌ఏడీ దాటుతుంటే చెప్పింది.

"మీ బావ కారు బాగు సేసీసేడంట."

"అవునా?"

"ఏటీ సేయలేదురా. ఆ పెట్టి తెచ్చి మంచం కింద దాసేడు. నాను పడుకునే మంచం కిందే. బాగున్నాదని సెప్పేను. నువ్వేటీ అనకు."

అంతలో స్పీడ్ బ్రేకరు వచ్చింది. నోరు మూసుకుని పిడి పట్టుకుంది. దాటాక, రాత్రి మా ఇంట్లో ఏం కూర వండారని అడిగింది.

ఇదంతా బావకి చెప్పాలా వద్దా అని నేను తర్కించుకోలేదు. అలా తర్కించుకునే స్థితిలో ఉంటే తెలీదనే చెప్పేవాణ్ణేమో. ఎవరు ఏది అడిగితే అది చేస్తూ పోతున్న రోజులవి. అడిగాడు, చెప్పాను.

"తెలుసు బావా."

"నీతో అన్నాదా?"

"అన్నాది. మర్నాడే."

"పెట్టి సూసిందా?"

"సూసింది. నిన్నేటీ అనొద్దన్నాది."

బావ చేతిలో ఆర్మ్ నేల మీద పెట్టాడు. మోకాళ్ళ మీద చేతులు చాపి, వాటికంటిన గ్రీజువైపు చూస్తూ కూర్చున్నాడు. తిడతాడనుకున్నాను, నన్నో, తన్నో. ఏడుస్తాడని కూడా అనుకున్నాను.

"మంచం కింద ఎవుడైనా దాత్తాడేటి," అన్నాడు చివరికి. గొంతులోంచి నవ్వు లాంటిదేదో సగం వచ్చి ఆగిపోయింది. తర్వాత ముక్కు చొక్కా భుజానికి తుడుచుకుని లేచాడు.

"కొత్తది అందుకో."

కొత్త ఆర్మ్ దాని చోటులో తేలిగ్గా కూర్చోలేదు. కొత్త రబ్బరు బిగువుగా ఉంటుంది. నేను రాడ్డుతో ఎత్తి పట్టుకుంటే బావ కన్నం సరిచూసి బోల్టు తోశాడు. నేను నట్టు బిగించబోతే ఆపాడు.

"ఇప్పుడే కాదు. సక్రం గాల్లో ఉన్నాది కదా. ఇలా బిగిత్తే, కిందకి దింపగానే రబ్బరు మెలిపడిపోద్ది. నెల తిరక్కుండా మళ్ళీ సిరుగుద్ది. బండి బరువు దాని మీద పడ్డాకే బిగించాల."

జాకీని ఆర్మ్ చివర కింద పెట్టి, బండి స్టాండు మీంచి కొంచెం లేచేదాకా ఎత్తాడు. అప్పుడు బిగించాడు. తన పనిలో అతను ఎప్పుడూ అంతే. ఏదీ సగంలో వదలడు. అక్క కారు ఒక్కటే వదిలాడు.

రెండోవైపు ఇంత కష్టపెట్టలేదు. సాయంత్రం నాలుగు అవుతుండగా చక్రాలు తగిలించి దింపాం. అక్క కూర్చునే ఎడంవైపు తలుపు తీసి బావ తనే కూర్చున్నాడు.

"నువ్వు నడుపు. నాను ఇనాల."

టౌన్‌షిప్ రోడ్డు మీద మొదటి స్పీడ్ బ్రేకరు దగ్గర నెమ్మదించాను. కారు మెత్తగా ఎక్కి మెత్తగా దిగింది. ఏ చప్పుడూ లేదు.

"మళ్ళీ ఎక్కించు," అన్నాడు.

వెనక్కి తీసుకుని మళ్ళీ ఎక్కించాను. కళ్ళు మూసుకుని విన్నాడు. "ఇంకోపాలి." మూడోసారీ ఎక్కించాను. మా వెనక స్కూటరు మీద వస్తున్నాయన హారను కొట్టి, మమ్మల్ని వింతగా చూస్తూ దాటిపోయాడు.

"సాల్లే, పద," అన్నాడు బావ.

ఆర్మ్‌లు మార్చాక చక్రాలు ఒకే తీరున నడుస్తున్నాయో లేదో మిషను మీద చూపించాలి. లేకపోతే బండి ఒకవైపుకి లాగుతుంది. కూర్మన్నపాలెం దగ్గర అలైన్‌మెంట్ షాపుకి తీసుకెళ్ళాను. మాకంటే ముందు ఒక కారు మిషను మీద ఉంది. వేపచెట్టు నీడలో ఆపి ఇంజను కట్టేశాను. ఎంతసేపు పడుతుందో కనుక్కొచ్చి, పావుగంట పడుతుందట అని చెప్పబోయేసరికి బావ నిద్రపోతున్నాడు. నోరు కొంచెం తెరుచుకుని, తల కిటికీ అద్దానికి ఆనించి, గ్రీజు చేతులు ఒళ్ళో వెల్లకిలా పెట్టుకుని. ఆ పదహారు రోజుల్లో అతను పడుకోగా నేను చూడలేదు. ఎప్పుడు చూసినా కుర్చీలో కూర్చునో, గేటు దగ్గర నిలబడో ఉండేవాడు.

మా వంతు వచ్చింది. షాపతను చెయ్యి ఊపాడు. నేను దిగి వెళ్ళి, "వెనకాల బండి తీసుకోండి," అన్నాను.

"ఏటి సార్, తొందర్నేదా?"

"లేదు."

ఆ బండి అయింది. ఇంకోటి వచ్చింది. దాన్నీ పంపించాను. షాపతను కారులోకి తొంగిచూసి తన పనిలోకి వెళ్ళిపోయాడు. రోడ్డు మీద బస్సులు, షిఫ్టు దిగి వస్తున్న బైకులు. నేను తలుపు చప్పుడు కాకుండా మూసి, బయట ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాను. పక్క బండి మీద మిరపకాయ బజ్జీలు వేస్తున్నారు. పొద్దున్నుంచి ఏమీ తినలేదని అప్పుడు గుర్తొచ్చింది. ఆకలేసింది. చాలా గట్టిగా, కడుపులో నొప్పి పుట్టేంతగా. చేతులు కడుక్కోకుండానే రెండు ప్లేట్లు కట్టించాను, ఒకటి బావకి. నాది అక్కడే నిలబడి తినేశాను. కారం కళ్ళల్లోకి ఎక్కింది. చొక్కా చేతితో తుడుచుకున్నాను.