తొండి పంతులమ్మ

కెనడా సరిహద్దు నుంచి మెక్సికో సరిహద్దు దాకా గాలించండి, మా అమ్మమ్మ ఆర్డిస్ అంత బాగా ఇంగ్లీషు నేర్పే మనిషి మీకు దొరకదు. ప్రొఫెసర్లు ఆవిడ ముందు పలకా బలపం పట్టుకుని కూర్చోవాలి. తలుచుకుంటే ఆవిడ మా మిన్నెసోటా చలిలో గడ్డకట్టిన సరస్సు మీద కుర్చీ వేసుకుని, మంచుకి కన్నం పెట్టి, కింద చేపలకి కూడా భూతకాలం నేర్పేస్తుంది. ఇంత గొప్ప మనిషిలో లోపం ఒక్కటే. ఆటలో తొండి చేస్తుంది. అప్పుడప్పుడు కాదు, ఎప్పుడూ.

ఇంట్లో పేకాట ఆడితే తాతయ్య పాపం కిటికీకి వీపు పెట్టి కూర్చునేవాడు కాదు, అద్దంలో ఆయన ముక్కలు ఆవిడకి కనబడతాయని. నేను చిన్నప్పుడు ఆవిడతో దాగుడుమూతలు ఆడితే, నన్ను వెతకమని చెప్పి తను పక్కింటికి కాఫీకి వెళ్లిపోయింది. "దొరికానా? లేదుగా. నేనే గెలిచాను" అంది తిరిగొచ్చి.

మా ఊరు బతికేది టర్కీ కోళ్ల ఫ్యాక్టరీ మీద. పదో తరగతిలో బడికి దండం పెట్టేసి నేనూ అందులోనే చేరాను. లైను మీద నా పక్కన నిలబడేవాళ్లు గ్వాటెమాలా వాళ్లు, సోమాలియా వాళ్లు, బర్మా వాళ్లు. పగటి షిఫ్టు దిగాక వాళ్లంతా లూథరన్ చర్చి బేస్‌మెంటులో అమ్మమ్మ దగ్గర ఇంగ్లీషు నేర్చుకుంటారు. అమ్మమ్మ కారు నడపడం మానేసింది (అంటే మేం తాళాలు దాచేశాం) కాబట్టి ఆవిడని దింపేదీ, తెచ్చేదీ నేనే.

పుస్తకాలంటే అమ్మమ్మకి పడవు. అన్నీ ఆటలే. గోడ నిండా మాటల కార్డులు అంటిస్తుంది. ఇద్దరు నిలబడాలి, చేతిలో ఈగల్ని కొట్టే ప్లాస్టిక్ బ్యాట్లు. ఆవిడ ఆనవాలు చెబుతుంది, ముందు ఏ బ్యాటు సరైన కార్డు మీద పడితే వాళ్లకి పాయింటు. ఇంతవరకు బాగానే ఉంది. కానీ ఆ ఇద్దరిలో ఒకరు ఎప్పుడూ మా అమ్మమ్మే.

"ఇది వంటింట్లో ఉంటుంది..." అంటూనే 'ఫ్రిజ్' కార్డు మీద ఫట్టుమని కొట్టేసేది.

"టీచర్! జవాబు మీకు ముందే తెలుసు!" అని గోల పెట్టేవాడు అబ్దిరషీద్. సోమాలియా ఆయన, ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతాడు, గొంతు కూడా దాని హారన్‌లాగే ఉంటుంది.

"తెలిస్తే సరిపోతుందా? ఎగిరి కొట్టద్దూ? నా మోకాళ్లు చూశావా?"

పాచికల ఆటలో మరీ ఘోరం. పావు ఏ గడిలో ఆగితే ఆ గడిలో ఉన్న క్రియతో వాక్యం చెప్పాలి. ఆవిడకి కష్టమైన గడి వస్తే పావు దానంతటదే నడిచి పక్క గడిలోకి వెళ్లిపోయేది. ఎవరైనా వేలు చూపిస్తే చూడనట్టే ఉండేది.

"వేలు చెల్లదు. వాక్యం కావాలి."

"తొండి!" అనేవాడు అబ్దిరషీద్.

"అది ఒక్క మాట. ఎవరు చేశారు? ఎప్పుడు? ఏం చేశారు?"

"మీరు... ఇప్పుడే... పావు... జరిపారు."

"ఎవరి పావు? మొత్తం కలిపి చెప్పు."

ఆయన తాపీగా ఇటుక మీద ఇటుక పేర్చినట్టు వాక్యం కట్టుకునేలోపు ఆవిడ ఇంకో రెండుసార్లు పాచిక వేసేసేది. కాలయాపనకి ఇంతకన్నా మంచి ఉపాయం ఏ లాయరుకీ తట్టదనుకునేదాన్ని నేను.

క్లాసులో అందరికన్నా ఎక్కువ అన్యాయం జరిగింది యులాలియాకి. గ్వాటెమాలా కొండల్నించి వచ్చిన మనిషి. లైను మీద ఎముకలు తీసే కత్తి పట్టుకుంటే మెరుపే, నోరు మాత్రం తెరవదు. తెరిస్తే ఒకటే మాట: "ఓకే." అమ్మమ్మ ఆమె వంతు దాటేసినా ఓకే, ఆమె పాయింటు తన పేరున రాసుకున్నా ఓకే.

"పాపం, ఆవిణ్ణి వదిలెయ్యి అమ్మమ్మా" అన్నాను కార్లో.

"ఎందుకు వదలాలే? ఊరుకుంటోందిగా" అంది, సిగ్గులేకుండా.

అబ్దిరషీద్ బాధ వేరే. "లినియా, మీ అమ్మమ్మ ఈమధ్య నాతో తొండి చెయ్యట్లేదు. నా వల్ల ఏమైనా తప్పు జరిగిందా?" అని ఫ్యాక్టరీలో నన్ను ఆపి మరీ అడిగాడు. ఈయనకి దెబ్బలు తినడం అలవాటైపోయిందనుకుని నవ్వుకున్నాను.

ఇదిలా ఉండగా పై అంతస్తులో బొంతలు కుట్టే ఆడవాళ్లకి కింద నుంచి వచ్చే ఫట్టు ఫట్టులతో సూదులు వేళ్లలో దిగుతున్నాయి. మా ఊళ్లో ఎవరూ ఎవరితోనూ మొహం మీద ఏదీ అనరు. పళ్లెంలో ఆఖరి ముక్క మిగిలితే తీసుకోవడం కూడా మొహమాటమే. ఒకరు సగం కోసుకుంటారు, ఇంకొకరు అందులో సగం, చివరికి చీమ తల పాటి ముక్కని కూడా గౌరవంగా పళ్లెంలోనే వదిలేస్తారు. అలాంటి వాళ్లు మెట్ల దగ్గర అమ్మమ్మని ఆపి, "కింద మంచి హుషారుగా ఉన్నట్టుంది, ఆర్డిస్" అన్నారు. అంటే మా భాషలో యుద్ధం ప్రకటించినట్టు.

వాళ్ల మాట ఈ క్లాసు నడిపించే జిల్లా విద్యా ఆఫీసు దాకా వెళ్లింది. టీచరు అరుస్తోందట, మోసం చేస్తోందట, క్లాసు తీసేసి అందరికీ తలా ఒక కంప్యూటరూ చెవులకి హెడ్‌ఫోన్లూ ఇస్తే నిశ్శబ్దంగా నేర్చుకుంటారట. తేల్చడానికి ఓస్ట్‌బీ గారు అనే ఆఫీసరమ్మ వస్తున్నారు.

"ఇవాళ ఒక్కరోజు తొండి చెయ్యనని మాటివ్వు" అన్నాను. చర్చి గుమ్మంలో నిలబడి మాటిచ్చింది.

ఆ రోజు మా అమ్మమ్మ న్యాయంగా ఆడింది. క్లాసు చచ్చిపోయింది. ఎవరి వంతుకి వాళ్లు పాచిక వేశారు, ఎవరి వాక్యం వాళ్లు గొణిగారు, కూర్చున్నారు. అరిచేందుకు ఎవరికీ ఏమీ లేదు. అబ్దిరషీద్ ముందుకి వంగి, "టీచర్, ఒంట్లో బాగాలేదా? జ్వరమా?" అని గుసగుసగా అడిగాడు.

ఓస్ట్‌బీ గారు ఆవులింత మింగుకుంటూ యులాలియా వైపు తిరిగారు. "ఇక్కడ మీకు నచ్చిందా?"

"ఓకే."

"ఏం నేర్చుకున్నారు?"

"ఓకే."

"కంప్యూటర్లు ఇస్తే?"

"ఓకే."

ఆవిడ పెన్ను మూత పెట్టేశారు. అమ్మమ్మ మొహం చూశాను. చలికాలమంతా ఈ బేస్‌మెంటు కోసమే మంచంలోంచి లేచే మనిషి ఆవిడ. ఇది పోతే ఇంక ఎవరిని ఏడిపించి బతుకుతుంది?

సరిగ్గా అప్పుడు యులాలియా పావు పండటానికి ఒక్క గడి ఉంది. పాచిక వేసింది. ఒకటి పడింది. ఆమె తన పావు పట్టుకునేలోపు అమ్మమ్మ కాఫీ కప్పు కోసం చెయ్యి చాచినట్టు చాచి, మోచేత్తో పాచికని తిరగేసింది.

"అయ్యో, ఆరా! పండలేదే. నా వంతు."

కుర్చీ కిర్రుమంది. యులాలియా లేచి నిలబడింది.

"లేదు! పాచిక మీద ఒకటి పడింది. మీ మోచెయ్యి దాన్ని తోసింది. నేను నా కళ్లతో చూశాను. ఈ ఆట నాది!"

"నేను తొయ్యలేదు" అంది అమ్మమ్మ.

"తోశారు! పోయిన వారం కూడా తోశారు. అంతకు ముందు వారం నా వంతు దాటేశారు. ఇవాళ నేను ఊరుకోను!"

బల్ల చుట్టూ అందరూ లేచారు. ఎవరేం చూశారో అందరూ ఒకేసారి, పూర్తి వాక్యాల్లో సాక్ష్యం చెప్పడం మొదలుపెట్టారు. పైన బొంతల సూదులు ఆగిపోయాయి.

ఓస్ట్‌బీ గారు పెన్ను మూత మళ్లీ తీశారు. "అంటే ఈవిడ మోసం చేస్తారన్నది నిజమే?"

"నిజమే!" అంది యులాలియా. "టీచర్ మంచిగా ఉంటే నేను తల ఊపుతాను. తొండి చేస్తే నాకు కోపం వస్తుంది. కోపం వస్తే భయం గుర్తుండదు. మొన్న లైను మీద బ్రేక్‌కి వెళ్లే వంతు నాదైతే సూపర్‌వైజర్ తన స్నేహితుణ్ణి పంపాడు. నాకు టీచర్ మొహం కనబడింది. 'ఇది నా వంతు, మీరు దాటేశారు, నేను చూశాను' అన్నాను. పంపాడు."

ఆ మాట ఆ రోజు లైను మీద నేను పక్కనే నిలబడి విన్నాను. ఈవిడకి ఇంత నోరు ఎక్కడిదా అనుకున్నాను తప్ప నాకేం తట్టలేదు. బడి మానేసిన బుర్ర కదా.

ఓస్ట్‌బీ గారు అదంతా రాసుకుని, "ఇది... కాస్త వేరుగా ఉంది" అన్నారు. మా ఊళ్లో దానికన్నా పెద్ద తిట్టు లేదు. కానీ ఆ తర్వాత కుర్చీ లాక్కుని, "నన్నూ ఒక ఆట ఆడనివ్వండి" అన్నారు. రెండో వంతుకే అమ్మమ్మ ఆవిడ పావుని వెనక్కి జరిపేసింది. ఆవిడ ఎర్రబడి, "ఫరవాలేదు, ఫరవాలేదు లెండి" అన్నారు.

యులాలియా ఆవిడ మోచెయ్యి పట్టుకుంది. "అలా ఊరుకోకండి మేడమ్. పూర్తి వాక్యం చెప్పండి."

క్లాసు ఉంది. బొంతలవాళ్ల కోసం బుధవారం నుంచి గురువారానికి మారింది, అంతే. యులాలియాతో అమ్మమ్మ ఇప్పుడు తొండి చెయ్యట్లేదు. బర్మా నుంచి కొత్తగా ఒక పెద్దాయన వచ్చారు, అన్నింటికీ వంగి నమస్కారం పెడతారు. ప్రస్తుతం ఆవిడ కన్ను ఆయన పావు మీద ఉంది.

ఇదంతా రాసి ఆవిడకి చదివి వినిపించాను. "చూశావా అమ్మమ్మా, నీ తొండి వెనక ఎంత మంచితనం ఉందో రాశాను" అన్నాను.

కళ్లజోడు మీంచి నన్ను చూసింది.

"మంచితనం లేదు, మట్టీ లేదు. ఆరే పడింది. ఆ ఆట నేనే గెలిచాను, అది రాయి."