పరారీ కాగితం

ఎన్నో ఏళ్లుగా ఈ సంగతి నా గుండెల మీద కుంపటిలా ఉంది. నా భార్యకు చెప్పలేదు. దోహాలో శుక్రవారాలు విశ్వాసులమంతా ఎవరో ఒకరి ఇంట్లో కూడి ప్రార్థన చేసేవాళ్లం. అక్కడ సాక్ష్యం చెప్పమన్నప్పుడూ చెప్పలేదు. మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియకపోవడమే మేలు.

తొంభైల్లో నేనక్కడ ఒక భవనాలు కట్టే కంపెనీలో గుమాస్తాను. కూలీల పాస్‌పోర్టులన్నీ నా బీరువాలో ఉండేవి. ఎవరైనా మూడు రోజులు డ్యూటీకి రాకపోతే, పరారీ అని కాగితం టైప్ చేసి, మేనేజరు సంతకంతో పోలీసులకు పంపాలి. అది వెళ్లిందంటే ఆ మనిషి ఆ దేశంలో దొంగతనంగా ఉన్నట్టే. దొరికితే పంపేస్తారు, మళ్లీ రానివ్వరు.

లింగయ్యది కరీంనగర్ వైపు. తాపీ మేస్త్రీ. వచ్చి ఏడాది కాలేదు. ఒక పొద్దున ఆఫీసు గుమ్మం బయటే నిలబడి, లోపలికి రానన్నాడు. మెడ మీద పొక్కులు. అమ్మవారు పోసింది. డాక్టరు చీటీ తెస్తే సెలవు దొరుకుతుంది గానీ, అమ్మవారికి మందు వేసుకోడు, ఆసుపత్రి గడప తొక్కడు. అది నాకు వేరే చెప్పనక్కరలేదు. మాది క్రైస్తవ కుటుంబమే అయినా, గోదావరి జిల్లాలో మా ఇంట్లోనూ ఆ తొమ్మిది రోజులు తాలింపు వేసేవారు కాదు. అతని బావమరిది దోహా శివారు ముఐథర్‌లో ఒక అరబ్బు ఇంట్లో డ్రైవరు. బావమరిది గదికి వెళ్లి పడుకోమన్నాను, సెలవు నేను రాసుకుంటానన్నాను. రోడ్డు పక్క చెట్టు నుంచి వేపరెమ్మలు నేనే కోసిచ్చాను. కోస్తూ, నా భార్యకు వీసా వస్తోందని సంబరంగా చెప్పాను కూడా.

సెలవు రాయలేదు. చీటీ లేకుండా రాయాలంటే మేనేజరుకు చెప్పాలి. కూలీలుండే క్యాంపులో అంటురోగమని తెలిస్తే అతని గదిలోని ఎనిమిది మందినీ పనికి రాకుండా ఆపేస్తారు, ఆ కోపం నా మీద పడుతుంది. నా భార్య వీసా కాగితం ఆ వారమే ఆయన బల్ల మీద సంతకం కోసం ఉంది. పెళ్లయిన మూడేళ్లలో ఆమెతో గడిపింది రెండు సెలవులు. రేపు చెబుదాం అనుకున్నాను. నాలుగో రోజు ఆయనే హాజరు పట్టీ చూసి లింగయ్య ఏడని అడిగాడు. తెలియదన్నాను. కాగితం కొట్టమన్నాడు. ఒక్క అక్షరం తప్పు పోకుండా కొట్టాను. నా భార్య కాగితం మీదా ఆ పూటే సంతకం పడింది.

ముఐథర్ వెళ్లి అతన్ని హెచ్చరించవచ్చు కదా? ఎందుకు వెళ్లలేదు? భయం అని ఇన్నాళ్లూ సర్దిచెప్పుకున్నాను. భయం ఒక్కటే కాదేమో. నా పని అయిపోయింది, అతను నాకు గుర్తు రాలేదు. ఇది రాయడానికే ఎక్కువ సిగ్గుగా ఉంది.

తొమ్మిదో రోజు లింగయ్య తలకు నీళ్లు పోసుకుని డ్యూటీకి వస్తుంటే పోలీసులు పట్టుకున్నారు. దేశం నుంచి పంపేసేవాళ్లను ఉంచే చోటికి పాస్‌పోర్టు ఇవ్వడానికి నేనే వెళ్లాల్సి వచ్చింది. మీరే పంపారంటున్నాడు, నిజమేనా అని అధికారి హిందీలో అడిగాడు.

"చెప్పుండ్రి సార్, మీరే గదా పొమ్మన్నది," అన్నాడు లింగయ్య.

"నేను చెప్పలేదు," అన్నాను. హిందీలోనే అన్నాను, అధికారికి అర్థం కావాలని.

అతను నా మొహంలోకి చూశాడు. "అక్కకు వీజ అచ్చిందా సార్?" అని అడిగాడు.

"వచ్చింది," అన్నాను.

అప్పుడు అధికారి వైపు తిరిగి, వచ్చీరాని హిందీలో, నేనే పోయాను, సారుకు తెలియదు అని చెప్పాడు. వేలిముద్ర వేశాడు.

ఈ మధ్య టీవీలో సరిహద్దు గోడల గురించి, కాగితాలు లేనివాళ్ల గురించి వాదనలు వస్తుంటాయి. పద్ధతిగా వెళ్లినవాళ్లకు భయమేముంది, మనం వెళ్లలేదా అంటుంది నా భార్య. నేను చానల్ మారుస్తాను.

లింగయ్య ఊరి పేరు నాకిప్పటికీ గుర్తుంది. ఒక్కసారీ వెళ్లలేదు. క్షమించమని మిమ్మల్ని అడగను, క్షమించాల్సింది మీరు కాదు. ఇంతవరకు రాశాక మాత్రం ఊపిరి కాస్త తేలిగ్గా ఆడుతోంది. ఆ రోజు అధికారికి చెప్పాల్సిన జవాబు ఇది: అతను పారిపోలేదయ్యా. నేనే పొమ్మన్నాను.