గెడ్డ అవతలి రోడ్డు

చీటీలో నా పేరొచ్చిందని కబురు తెలిసేసరికి నేను తోటలో నిచ్చెనెక్కి మిరియాలు కోస్తున్నాను. మా మరిది కింద నిలబడి నవ్వుతూ చెప్పాడు గానీ నాకు నవ్వు రాలేదు. బుట్ట అక్కడే వదిలేసి ఇంటికొచ్చేశాను. ఇంట్లో మా అమ్మాయి అయిదో నెల కడుపుతో ఉంది. వానలు ముమ్మరంగా పడే రోజుల్లో నొప్పులొస్తాయి.

సంగతేమిటంటే, మా పంచాయతీలో రెండు గూడేలకి రోడ్డు లేదు. ఒకటి కొండ వాలు మీదున్న మాది, రెండోది గెడ్డకి, అంటే కొండవాగుకి, అవతల ఉన్నది. మంజూరైంది మాత్రం ఒక్క రోడ్డే; గెడ్డ అవతలికైతే వంతెన కూడా అందులోనే. వానలకి ముందే పని పూర్తి చేసేస్తామన్నారు. సర్పంచికి రెండువైపులా చుట్టాలే కాబట్టి ఆయన ఎటూ తేల్చలేక నెలల తరబడి నాన్చాడు. అప్పుడే మండలాఫీసుకి కొత్తగా ఒక కుర్ర అధికారి వచ్చాడు, మైదానం మనిషి. ఓటరు జాబితాలో పేర్లన్నీ చీటీలు రాసి బుట్టలో వేసి కొన్ని తీద్దామన్నాడు. పేరొచ్చినవాళ్ళు కూర్చుని రెండు గూడేల మాటా విని తేల్చాలి, నాయకులెవరూ అటుకేసి రాకూడదు. సర్పంచి ఎగిరి గంతేశాడు. నెత్తిన బరువు దిగితే ఎవరికి సంతోషం కాదు?

ఎవరింట్లో ఎవరు కడుపుతో ఉన్నారో చీటీకి తెలీదు. దేవుడే నా పేరు తీశాడనుకున్నాను నేను. మా అమ్మాయిని కనడానికి కర్రకి దుప్పటితో డోలీ కట్టి నన్ను ఆసుపత్రికి మోసుకెళ్ళారు. రెండు భుజాల మధ్య వేలాడుతూ, కాలు జారినప్పుడల్లా నేలకి తగులుతూ కొండ దిగాను. ఆ దారినే నా కూతురు దిగకూడదు. బడి వరండాలో కూర్చున్న మొదటి రోజే ఆ మాట గట్టిగా చెప్పేశాను.

రెండు వైపులవాళ్ళూ చెప్పుకోవలసింది చెప్పుకున్నాక అధికారి చేతులెత్తమన్నాడు. మా గూడేనికి రోడ్డు కావాలనేవాళ్ళు ఎత్తండి అంటే అందరూ ఎత్తారు. అవతలి గూడేనికి అనేవాళ్ళు అంటే మళ్ళీ అందరూ ఎత్తారు, నేను తప్ప. పాపం, అతను రెండుసార్లు లెక్కపెట్టి తల పట్టుకున్నాడు. ఎదురుగా కూర్చున్న మనిషి అడుగుతుంటే చెయ్యెత్తకుండా ఉండడం మా దగ్గర మొహం మీద తలుపెయ్యడమే. అది అతనికెవరూ చెప్పలేదు.

అవతలి గూడెం నుంచి ఒక ముసలావిడ పేరు కూడా చీటీల్లో వచ్చింది. ఆమె అంది: "సేతులెత్తడాలొద్దు బాబూ. అందరికీ సరే అనిపించేదాకా కూకుంటాం. మాకదే అలవాటు."

కూర్చోవడం నా వల్ల కాలేదు. వరండాలో కాలు కాలిన పిల్లిలా తిరిగాను. ఇంట్లోనూ అంతే. పొయ్యి మీద అంబలి మాడిపోతుంటే మా అమ్మాయి వచ్చి దించింది.

తర్వాత అందరం కలిసి దారులు చూడడానికి వెళ్ళాం. ముందు మా వాలు దిగి, ఆ తర్వాత గెడ్డ దగ్గరికి నడిచాం. నీళ్ళు చీలమండల దాకా కూడా లేవు. "ఇదేనేటి మీ గెడ్డ?" అన్నాను వెటకారంగా. ముసలావిడ కోప్పడలేదు. గట్టు మీది చెట్టుకేసి చెయ్యి చూపించింది. నా తలకంటే ఎత్తున, కొమ్మల్లో, పోయిన వానాకాలం వరద తెచ్చిన గడ్డీ చెత్తా చిక్కుకుని ఎండిపోయి ఉన్నాయి.

"అంతెత్తు పారితే డోలీ ఏ దారిన ఎల్తాదే?" అంది.

నాకు ఒళ్ళు మండింది. ఆమె మీద కాదు, ఆ చెట్టు మీద. మా వాలు మీద డోలీ జారుతుంది, దెబ్బలు తగులుతాయి, అయినా కిందికి చేరుతుంది. ఇక్కడ నీళ్ళు తగ్గేదాకా గట్టున దింపి కూర్చోవాలి. ఆ సంగతి నాకు అప్పుడే అర్థమైపోయింది. అర్థమైనందుకు నన్ను నేనే తిట్టుకున్నాను.

మర్నాడు కూర్చున్నప్పుడు ఒక్కొక్కరూ అవతలి గూడేనికే సరే అన్నారు. మా గూడెంవాళ్ళు కూడా అనేశారు. చివరికి నేనొక్కదాన్ని మిగిలాను. ఎవరూ నన్ను తొందరపెట్టలేదు. అంబలి గిన్నె నా చేతికిచ్చి, చోళ్ళ పంట ధర గురించి మాట్లాడుకుంటూ కూర్చున్నారు. ఆ మర్యాదకి నాకు ఊపిరాడలేదు. తిట్టినా బాగుండేది, ఎదురు తిట్టి లేచి వచ్చేసేదాన్ని.

"సేతులెత్తించీండి బాబూ!" అని అరిచాను. "నేనొక్కర్తినే కదా, నన్ను ఓడించీండి. ఓడిపోనానని ఇంటికెళ్ళి సెప్పుకుంతాను."

అధికారి ముసలావిడ వైపు చూశాడు. ఆమె తల అడ్డంగా ఊపింది.

"నిన్ను ఓడించి ఇంటికంపితే రేపు సంతలో నీ మొగమెలా సూత్తామే గుంటా? నీకు సరే అనిపిస్తేనే సెప్పు. లేదంటే రేపూ వత్తాం."

రేపు వచ్చినా ఆ చెట్టు అక్కడే ఉంటుంది. గిన్నె కింద పెట్టి సరే అన్నాను. మళ్ళీ అనమని ఎవరూ అడగలేదు.

ఇంటికి బేగి వెళ్దామని బయల్దేరాను గానీ కాళ్ళు సాగలేదు. దారంతా సంజాయిషీలు కూడగట్టుకున్నాను. అందరూ ఒకటైపోయారే, నా మాట నెగ్గలేదే అని చెబితే సరిపోతుంది. మా అమ్మాయి గుమ్మంలోనే కూర్చుని ఉంది.

"ఏటయినాదే అమ్మా?"

"గెడ్డ అవతలోలకి."

"నువ్వు వద్దనలేదా?"

కూడగట్టుకున్నదంతా నోటిదాకా వచ్చింది. "మొదట అన్నాను. ఆకర్ని నేనే సరే అన్నాను," అని చెప్పేశాను.

అది ఏడుస్తుందేమో, కేకలేస్తుందేమో అని నిలబడ్డాను. రెండూ చెయ్యలేదు. నడుం పట్టుకుని మెల్లగా లేచింది.

"అయితే నన్ను మోసుకెళ్ళేటప్పుడు డోలీ పక్కన నువ్వే నడవాలి. ఇంకెవుల్నీ రానివ్వను," అంది.

నడుస్తానన్నాను.