చెమట పట్టని చొక్కా

మా తోడికోడలిది అనుమానపడినందుకు జీతమిచ్చే ఉద్యోగం. పెద్ద బట్టల దుకాణం గుమ్మం దగ్గర నిలబడి, బయటికి వెళ్లే ఆడవాళ్ల సంచులు తెరిపించి చూస్తుంది. ఇంటికొచ్చాక కూడా ఆ చెయ్యి ఊరుకోదు. కూతురి బడి సంచి, కూరల సంచి, ఆఖరికి నేను మెట్లు దిగుతూ తీసుకెళ్లే చెత్తబుట్ట కూడా ఒకసారి తొంగి చూడాల్సిందే. వాళ్లది కింది వాటా, మాది పైది. ఎదురుగా నేను అక్కా అని పిలుస్తాను. చాటున సంచుల పోలీసు అంటాను. ఆ సంగతి తెలిసి నెల్లాళ్లు నాతో మాట్లాడలేదు.

ఆవిడ భర్త, అంటే మా బావగారు, గడియారాలు బాగుచేస్తారు. కంటికి భూతద్దం బిగించుకుని, ఊపిరి బిగబట్టి రోజంతా కూర్చునే పని. ఆ బిగువంతా ఆదివారం పొద్దున వాలీబాల్ ఆడి వదిలించుకునేవారు. మా వీధి జట్టులో నెట్ దగ్గర ఎగిరి కొట్టే చోటు పెళ్లికి ముందు నుంచీ ఆయనదే. మా ఆయనదీ అదే జట్టు. కాకపోతే వెనక వరసలో నిలబడి, బంతి తన వైపు రాకూడదని దేవుడికి మొక్కుకునే రకం.

ఆ జట్టుకో ఆచారం ఉంది. ఆఖరి బంతి ఎవరి చేతిలో పోతే, అందరి చొక్కాలూ ఉతుక్కి వాళ్లింటికే వస్తాయి. తప్పు మగవాళ్లది, శిక్ష మాది. ఈ చట్టం చేసినవాడెవడో కనిపిస్తే నాలుగు దులిపేద్దామని ఉంటుంది. ఆ చొక్కాల సంచి మా వాటాకి తరచూ వచ్చేది, కిందికి ఎన్నడూ రాలేదు. అలాంటిది ఈమధ్య వారం వారం బావగారే మోసుకొస్తున్నారు.

మొదట్లో అక్క గొణుక్కుంటూ ఉతికింది. ఒక ఆదివారం మాత్రం నన్ను పెరట్లోకి పిలిచి, ఒక చొక్కా నా ముక్కు దగ్గర పెట్టింది.

“వాసన చూడు.”

“నాకేం ఖర్మ అక్కా!”

“చూడమంటున్నానా!”

చూశాను. సబ్బు వాసన వచ్చింది. అది బావగారి చొక్కా. తక్కినవి, మా ఆయనదానితో సహా, దగ్గరికి వెళ్లేటట్టు లేవు.

“ఆడినవాడికి చెమట పట్టదా? ఈ సంచి నా కళ్లు కప్పడానికి తెస్తున్నాడే. ఆ పూటంతా ఈ మనిషి ఎక్కడికి పోతున్నాడు?”

ఆవిడ దగ్గర ఇంకా సాక్ష్యాలు ఉన్నాయి. ఆ ఇంట్లో ఉతకడం ఆవిడ వంతు, ఆరేయడం ఆయన వంతు. ఇప్పుడాయన తడిబట్టల్ని దండెం మీద వెయ్యకుండా కుర్చీల మీదా కిటికీ ఊచల మీదా పడేస్తున్నారు. ఎక్కడికి వెళ్లారని అడిగితే చూపు తిప్పుకుని భుజం రాసుకుంటారు.

“గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టుంది వాలకం,” అంది అక్క.

అన్నం తినేటప్పుడు మా ఆయన్ని మెల్లగా కదిపాను. “బావగారు బాగా ఆడుతున్నారా?”

“ఆడక?” అని, కంచం తీసుకెళ్లి తనే కడిగి బోర్లించారు. పెళ్లయ్యాక ఆయన కంచం కడగడం అదే మొదటిసారి. అంతే, నాకూ అనుమానం పట్టుకుంది. అన్నదమ్ములిద్దరూ ఒక్కటై మమ్మల్ని వెర్రివాళ్లని చేస్తున్నారని ఒళ్లు మండిపోయింది.

శనివారం అక్క కూతురు పైకొచ్చి, “పిన్నీ, అమ్మ నా బట్టలు పెట్టెలో సర్దేస్తోంది,” అంది. నేను పరుగున దిగాను.

“రేపు వెనకాలే వెళ్తాను,” అంది అక్క, గౌన్లు మడతపెడుతూనే. “గ్రౌండులో లేడో, పిల్లని తీసుకుని అటునుంచి అటే మా అమ్మ దగ్గరికి. ఏ తప్పు చేసినా సర్దుకుంటానే. అబద్ధంతో మాత్రం కాపురం చెయ్యలేను.”

ఆవిడ కళ్లు పొడిగానే ఉన్నాయి. ఏడ్చింది నేను.

మర్నాడు ఇద్దరం వెళ్లి, గ్రౌండు పక్కన ఆపిన వ్యాను చాటున నక్కాం. బావగారు అక్కడే ఉన్నారు. గట్టుమీద కూర్చుని పాయింట్లు అరుస్తున్నారు. నెట్ దగ్గర ఆయన చోట మా ఆయన నిలబడి ఉన్నారు.

బంతి దొర్లుకుంటూ గట్టు దగ్గరికి వచ్చింది. బావగారు తీసి విసరబోయారు. కుడిచెయ్యి ఛాతీ దాకా లేచి ఆగిపోయింది. ఎవరూ చూడకూడదన్నట్టు వంగి, ఎడమచేత్తో నేలమీద దొర్లించారు. జట్టులో ఒక్కరూ ఆయనవైపు చూడలేదు. అందరికీ ఒక్కసారే నెట్ ముడులు సరిచేసే పని పడింది.

ఆట అయ్యాక, ఆఖరి బంతి వదిలేసిన కుర్ర టీచరొకడు చొక్కాల సంచి భుజాన వేసుకున్నాడు. బావగారు వెళ్లి దాన్ని లాక్కున్నారు.

“ప్రతివారం మీరేనా అన్నా?”

“ఇదొక్కటైనా చెయ్యనివ్వండ్రా,” అన్నారు బావగారు.

ఇప్పుడు వెళ్లి నిలదీస్తుందని అక్కవైపు భయంగా చూశాను. ఆవిడ నా మణికట్టు పట్టుకుని, “పద, మనం ఇటు రాలేదు,” అంది.

ఇంటికి రాగానే ముక్కాలిపీట ఎక్కి దండెం విప్పింది. నేను పీట పట్టుకున్నాను. తాడుని ఛాతీ ఎత్తుకి దించి గట్టిగా ముడేసింది.

మా ఆయన రాగానే మెట్లమీదే పట్టుకుని కక్కించాను. బావగారి భుజం బిగుసుకుపోయిందట, డాక్టరు ఆట మానమన్నాడట. “వదినకి తెలిస్తే ఆదివారం కూడా ఇంట్లోనే కూర్చోమంటుందని అన్నయ్య భయం. ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాడు. ఆ చోట నిలబడలేక నేను చస్తున్నాను,” అన్నారు. ఆ మాట విన్నాక నా కోపం చల్లారింది.

కింద పెరట్లో అక్క సంచి విప్పింది. బావగారి చొక్కా తీసి, అలవాటుకొద్దీ వాసన చూసింది.

“అబ్బబ్బ, ఏం చెమటండీ! ఇంత గెంతడం ఎందుకు?” అంటూ దానికి రెండింతలు సబ్బు రుద్దింది. అబద్ధం పనికిరాదన్న మనిషి, రెప్ప వెయ్యకుండా అనేసింది.

బావగారు బకెట్టు తీసుకుని దండెం వైపు నడిచి, ఆగిపోయారు.

“దీన్నెవరు దించారు?”

“ఎవరు దించుతారు? బరువుకి తాడు సాగింది.”

గడియారంలో నలుసంత మరను పట్టుకునే కళ్లకి కొత్త ముడి కనిపించకుండా ఉంటుందా? ఆయన ముడిని తడిమి చూశారు. తర్వాత చెయ్యి ఎత్తకుండానే ఒక్కొక్క చొక్కా ఆరేసుకుంటూ వచ్చారు. ఆఖరిది తనది. దాన్ని చేత్తో పట్టుకుని నిలబడిపోయారు.

“దీన్ని ఉతకక్కర్లేదే,” అన్నారు. “నేను ఆడటం లేదు. చాలా వారాలైంది.”

అక్క చేతులు కొంగుకి తుడుచుకుని దగ్గరికి వెళ్లింది. ఆ చొక్కా తీసుకుని తక్కినవాటి మధ్యలో ఆరేసింది.

“సంచి తేవడం మాత్రం మానకండి,” అంది.