చెరువు వైపు నుంచి తవ్వారు

మా మామగారు భిలాయి ప్లాంటులో చేసి రిటైరయ్యారు. కొడుకుని కూడా అందులోనే చేర్పించాలని చాలా తిప్పలు పడ్డారు. ఒకరి కింద పని చెయ్యనని మావారు భీష్మించుకుని, పల్లెటూళ్ళలో నీళ్ళ పైపులు వేసే కాంట్రాక్టులు పట్టుకున్నారు. దాంతో ఒకరి కింద కాకుండా ఊరూరా అందరి కిందా పని చెయ్యడం మొదలైంది. నేను విజయనగరం నుంచి కాపురానికొచ్చి అప్పటికి రెండేళ్ళు. తొంభైల నడిమి రోజులు. ఇంట్లో ఊరికే కూర్చోలేక, క్యారేజీ వంక పెట్టుకుని స్కూటరు వెనక ఎక్కి ఆయనతో పాటు ఆ ఊళ్ళకి వెళ్తుండేదాన్ని.

కుమ్హారి దాటి లోపలికి వెళ్ళాక ఒక ఊరు ఉండేది. మెరక మీద బడి, దాని పక్కన పొలాలున్నవాళ్ళ పెద్ద ఇళ్ళు. అక్కడి నుంచి నేల వాలుగా దిగి చెరువు దగ్గర ఆగుతుంది. చెరువు గట్టున కూలీల గుడిసెలు. ఆ వరసలో చిట్టచివరి ఇల్లు ఒక ముసలామెది. ఆ పక్క అమ్మని దాయి అంటారు. ఊరంతా ఆమెని అలాగే పిలిచేది, నేనూ అలాగే పిలిచాను. ఆమె కోడలు నిండు చూలాలు. అయినా దూరాన పొలంలో ఉన్న బావి నుంచి నెత్తిన బిందె మీద బిందె పెట్టుకుని తెచ్చేది. చూస్తుంటే నా నడుము పట్టేసేది.

ఆ ఊరికి టాంకీ, బోరు, మోటారు, కొంత పైపు సర్కారు ఇస్తుంది. మిగతా వాటా ఊరు పెట్టుకోవాలి. తర్వాత కరెంటు బిల్లూ మోటారు మరమ్మతూ కూడా ఊరిదే భారం. బడి వరండాలో మీటింగు పెట్టి ఓవర్సీయరు ఇదంతా చెప్పారు. డబ్బున్నవాళ్ళు డబ్బు ఇస్తామన్నారు. చెరువు గట్టువాళ్ళు తమ వాటాకి ఒళ్ళు వంచుతామన్నారు. పైపు కోసం మెరక మీది టాంకీ నుంచి చెరువు దాకా గాడి అంతా వాళ్ళే తవ్వాలి. ఇంకా చుక్క నీరు రాకముందే, పదేళ్ళ తర్వాత మోటారు కాలిపోతే ఎవరు బాగుచేయించాలని వాళ్ళు వాదించుకుంటుంటే నేను నోరు తెరుచుకుని చూశాను. మా ఇంట్లో వచ్చే నెల సంగతే ఎవరూ ఆలోచించరు.

ఆ రాత్రి అన్నం తింటూ మావారు నెమ్మదిగా అన్నారు, "ఆ పైపు సెరువు దాకా ఎల్లదే. ఎస్టిమేటు రాసిన్నాటి రేటేటి, ఇప్పుటి రేటేటి? మిగిలింది రెండో విడతలో ఏస్తారంట." ఆయన చేసిన ఏ ఊళ్ళోనూ రెండో విడత వచ్చినట్టు నేను వినలేదు.

మర్నాడు మావారు టాంకీ దగ్గర నుంచి చెరువు దాకా సున్నంతో గీత గీయించి, టాంకీ దగ్గర మొదలుపెట్టి తవ్వమన్నారు. నేను దాయి ఇంటి ముందు కూర్చున్నాను. పైపు సంగతి చెప్పాలా వద్దా అని నలుగుతుంటే ఆమే చెయ్యెత్తి చూపించింది. కరెంటు స్తంభం అదుగో, అంత దూరంలో ఆగింది. మొరం రోడ్డు ఇంకాస్త దూరంలోనే ఆగింది. "మా దాకా వచ్చేసరికి అన్నీ అయిపోతాయి నోనీ," అంది, కూతుర్ని పిలిచే వాళ్ళ మాటతో. ఏడుపు లేదు, నిష్ఠూరం లేదు. ఇవాళ ఎండగా ఉందన్నట్టు చెప్పింది.

వారం పది రోజులు మావారికి వేరే ఊళ్ళో పని పడింది. తిరిగి పైపుల లారీతో వెళ్ళేసరికి టాంకీ దగ్గర సున్నపు గీత చెక్కు చెదరకుండా ఉంది. ఒక్క తట్ట మన్ను లేవలేదు. మావారికి ఒళ్ళు మండిపోయింది. విసవిసా చెరువు వైపు నడిచారు, వెనకాలే నేను.

గాడి అక్కడ ఉంది. దాయి గుమ్మం ముందు మొదలై, గుడిసెలన్నిటి పక్క నుంచి, వాలు ఎక్కుతూ పైకి వచ్చింది. రాయిలాంటి ఎర్రమొరం. మోకాలు దాటిన లోతు. పైపు దించడానికి వీలుగా మన్నంతా ఒక పక్కకే పోశారు. ఎక్కడా వంకర లేదు. సరిగ్గా పెద్ద ఇళ్ళు మొదలయ్యే చోట ఆగిపోయింది. ఆడవాళ్ళు చేతులకి గుడ్డపీలికలు చుట్టుకుని గట్టున కూర్చుని ఉన్నారు.

టాంకీ దగ్గర నుంచి కదా తవ్వమన్నాను అని మావారు హిందీలో గట్టిగానే అడిగారు.

"మిగతాదీ మేమే తవ్వుతాం ఠేకేదార్ బాబూ, మాట తప్పం," అంది దాయి. "ముందు ఇందులో పైపు పడనివ్వు. మా గుమ్మంలో ఆగితే రెండో విడత అంటారు. వాళ్ళ గుమ్మంలో ఆగితే ఎవరూ అనరు."

మావారు మన్నుగుట్ట మీద కూలబడ్డారు. నాకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. పైనుంచి వేసుకుంటూ వస్తే, పైపు అయిపోయిన చోటికి దిగువనున్న గుడిసెలు మాత్రమే ఎండుతాయి. కింద నుంచి వేస్తే వెలితి టాంకీ దగ్గరే మిగులుతుంది. అప్పుడు ఊళ్ళో ఒక్క ఇంటికీ చుక్క రాదు. ఆ వెలితి పూడ్చక పెద్ద ఇళ్ళకీ గతి లేదు. ఆ ముసలామెకి దణ్ణం పెట్టాలనిపించింది.

మావారు నా వైపు చూసి తెలుగులో అన్నారు, "టాంకీకి తగలని పైపుకి బిల్లెవుడిస్తాడే?"

"బిల్లు ఆగితే ఆగనీండి," అన్నాను.

ఆయన మన్ను దులుపుకుని లేచి, లారీని కిందికి తెమ్మన్నారు.

పెద్ద ఇళ్ళవాళ్ళు ఊరుకోలేదు. తిట్టారు, ఓవర్సీయరుకి చెప్పారు, కాంట్రాక్టు పీకించేస్తామన్నారు. మా బిల్లు నిజంగానే ఆగింది. ప్లాంటు ఉద్యోగం సంగతి మామగారు మళ్ళీ రెండుసార్లు ఎత్తారు. చివరికి, ఎదురుగా టాంకీ, గుమ్మం ముందు గాడి, మధ్యలో ఖాళీ చూసి చూసి వాళ్ళే విసిగిపోయారు. ఇంకోసారి చందా వేసుకుని తక్కువైన పైపు కొన్నారు. చెరువు గట్టువాళ్ళు మాట ప్రకారం మిగతా గాడీ తవ్వారు.

నీళ్ళు వదిలే రోజు నేను దాయి పక్కనే నిలబడ్డాను. పల్లం కదా, అన్ని కొళాయిల కన్నా ముందు ఆమె గుమ్మంలోని కొళాయే బుసకొట్టి, మట్టినీళ్ళు కక్కి, తేటపడింది. కోడలు బిడ్డని చంకన వేసుకుని బిందె పట్టుకొచ్చింది. కింద కొళాయి తిప్పి ఉన్నంతసేపూ పైవాళ్ళకి ఎక్కదని మావారు అందరికీ ముందే చెప్పారు. దాయి ఆ ధారలో చెయ్యి తడుపుకుంది. తర్వాత కొళాయి కట్టేసింది. బిందె పక్కన పెట్టమని కోడలికి చెప్పి, పెద్ద ఇళ్ళకి నీళ్ళు అందాయో లేదో కనుక్కు రమ్మని ఒక మనిషిని పైకి పంపింది.

అందాయన్న కబురు వచ్చేదాకా ఆ వరసలో ఎవరూ కొళాయి తిప్పలేదు.