ఓడలో పోపు

ఇందులో ప్రతి మాటా నిజమని ప్రమాణం చేసి మొదలుపెడుతున్నాను. ఇరవై ఏళ్లకు పైగా, చూసింది చూసినట్టు చెప్పినందుకే జీతం తీసుకున్నవాణ్ణి కాబట్టి ఈ ప్రమాణానికి కాస్త విలువ ఉంటుందని నా నమ్మకం.

2021 వేసవిలో జర్మనీలోని బ్రెమెన్‌లో ఉన్న మా విమాన పరికరాల సంస్థ నన్ను స్వీడన్‌లో జరగబోయే ఒక పరీక్షకు విట్నెస్‌గా నియమించింది. పరీక్ష చేసేవాళ్లు వేరు, విట్నెస్ వేరు. చేసేవాళ్లు చేస్తుంటే పక్కన నిలబడి కళ్లారా చూసి, సంతకం పెట్టే అధికారం ఉన్న ఇంజినీరే విట్నెస్. హోదాలో మేనేజర్ కంటే కింద. కాని ఆ సంతకం పడనిదే మేనేజర్ కుర్చీలోంచి లేచి ప్రయోజనం లేదు. నా విభాగం పొగ. విమానం సరుకుల అరలో పొగ పుడితే నిమిషం లోపల పైలట్‌కు తెలియాలి. తెలుస్తోందా లేదా చూడటమే నా పని.

పరీక్ష గది దొరకడానికే నెలలు పట్టింది. పైగా కరోనా పేరుతో సంస్థ మనుషులను తగ్గిస్తున్న రోజులు. పరీక్షకు చేరని విట్నెస్‌ను మళ్లీ పంపుతారన్న ఆశ ఎవరికీ లేదు, ముఖ్యంగా నాకు.

విమానాలు ఏ పూట రద్దవుతాయో తెలియదు కనుక కారులో వెళ్లమన్నారు. అదే వారం మా అమ్మాయి ఇరా వెళ్లే కీటా, అంటే పసిపిల్లల బడి, ఎవరికో పాజిటివ్ రావడంతో మూతపడింది. మా అబ్బాయి ధ్రువ్‌కు ఎలాగూ వేసవి సెలవులు. మా ఆవిడ శైలజ ఇంటి నుంచే ఆఫీసు పని చేస్తోంది. నా ఆర్డరు చూసి ఒకే మాట అన్నది.

"మీరు పొగ చూస్తాన్కి పోతే, ఈ ఇద్దరిని వెట్టుకొని నేను ఇంట్ల మీటింగులు చెయ్యాల్నా? సెలవు వెడ్త. మేము గూడ వస్తం."

అలా ఉద్యోగ ప్రయాణం కుటుంబ యాత్ర అయింది. సాయంత్రం ట్రావెముండె రేవులో కారును ఓడలోకి ఎక్కిస్తే తెల్లారేసరికి స్వీడన్. ఓడ కదిలాక కార్ల డెక్‌కు తాళం వేస్తారు. దిగేదాకా కారు ముఖం చూడలేం. అందుకే కేబిన్‌లోకి కావలసినవి వేరే సంచిలో సర్దాలి. శైలజ సర్దింది. ఇండియన్ షాపు సంచులు రెండు, ఒకే రంగువి. ఒకదాంట్లో పులిహోర, పెరుగన్నం. రెండోదాంట్లో స్వీడన్‌లో మేము దిగబోయే చెక్క ఇంటికోసం బియ్యం, పోపుల డబ్బా, నెయ్యి, కరెంటు రైస్ కుక్కర్. పైకి మోసుకెళ్లే బాధ్యత నాది. ఏ సంచి మోశానో మీకు అర్థమయ్యే ఉంటుంది.

కరోనా నిబంధనల వల్ల ఓడలో భోజనశాల మూసేశారు. కొట్టులో చల్లటి సాండ్‌విచ్‌లు, పెరుగు డబ్బాలు మాత్రం ఉన్నాయి. నాలుగేళ్ల ఇరా సాండ్‌విచ్‌ను ఒకసారి చూసి, "ఇష్ మాగ్ దస్ నిష్ట్," నాకిది నచ్చదు అని జర్మన్‌లో తీర్పు చెప్పి పడక ఎక్కి ఏడుపు మొదలుపెట్టింది. ఆ తీర్పు మీద అప్పీలు ఉండదని ఇంట్లో అందరికీ తెలుసు.

"పెరుగున్నది, కుక్కరున్నది. ఇంగ దేనికి చూస్తున్రు?" అన్నది శైలజ.

ఏడేళ్ల ధ్రువ్ తలుపు మీద అంటించిన బొమ్మల వైపు వేలు చూపించాడు. సిగరెట్టు, ఇస్త్రీపెట్టె, కెటిల్, అన్నింటి మీదా ఎర్రగీత. "నాన్నా, ఫెర్‌బోటెన్," నిషేధం అన్నాడు. జర్మనీలో పుట్టిన పిల్లలకు ఈ మాట అమ్మ, నాన్నల తర్వాత మూడోది.

కుక్కర్ బొమ్మ లేదని వాడికి చూపించాను. తర్వాత నా అనుభవమంతా రంగంలోకి దించాను. పొగను పసిగట్టే డిటెక్టర్ కేబిన్ పైకప్పు మధ్యలో ఉంది. దాని లోపల ఒక కాంతికిరణం ఉంటుంది. ఏ రేణువు అడ్డొచ్చినా అది చెదిరి సంకేతం వెళుతుంది. ఆవిరికీ పొగకీ తేడా దానికి అంతగా తెలియదు. డిటెక్టర్‌కు షవర్ క్యాప్ తొడుగుదామని శైలజ సూచించింది. అది నా వృత్తికే అవమానమని కొట్టిపారేశాను. కుక్కర్‌ను బాత్రూంలో పెట్టి, గాలి బయటికి లాగే ఫ్యాను వేసి, తలుపు మూయించాను. అన్నం ఉడికింది. డిటెక్టర్ మీద చిన్న దీపం కూడా వెలగలేదు. అక్కడితో ఆగి ఉంటే ఈ వ్యాసం ఉండేది కాదు.

పోపు లేని పెరుగన్నం ఆస్పత్రి తిండిలా ఉంటుందని అన్నది నేనే. అన్నం పళ్లెంలోకి తీసి, అదే గిన్నెలో నెయ్యి, పోపు దినుసులు వేసి మళ్లీ బాత్రూం తలుపు మూశాను. ఆవాలు చిటపటలాడుతున్నాయో లేదో చూడటానికి కాసేపటికే తీశాను. నేను సంతకం పెట్టిన పరీక్షల్లో ఏ డిటెక్టరూ అంత చురుగ్గా పనిచేయలేదు.

ఎర్ర దీపం వెలిగింది. ఓడల్లో సంకేతం ముందు బ్రిడ్జికి, అంటే ఓడ నడిపే గదికి వెళుతుంది. అందరినీ లేపే గంట కొట్టే ముందు ఒక అధికారి వచ్చి చూస్తాడు. కుక్కర్‌ను దుప్పటి కిందికి తోసి మాస్కులు పెట్టుకునేలోపే తలుపు చప్పుడైంది.

తెల్ల చొక్కా, ముక్కూ నోరూ మూసిన పెద్ద మాస్కు, భుజం మీద రెండు చారలు. ఎవరైనా సిగరెట్టు తాగారా అని అడిగాడు. లేదన్నాను, అది నిజం. మీకేమైనా వాసన వస్తోందా అని అడిగాడు.

"ఏ వాసనా రావట్లేదు," అన్నాను, విట్నెస్‌కు ఉండవలసిన నిబ్బరంతో.

శైలజ వైపు తిరిగాడు. ఆమె కూడా లేదన్నట్టు తలూపింది. భార్యాభర్తల మధ్య అంతటి ఏకాభిప్రాయం అంతకుముందు లేదు, ఆ తర్వాతా లేదు.

అధికారి రెండడుగులు వెనక్కి వేశాడు. ఇంత మందపు మాస్కులోంచి తనకే మసాలా వాసన వస్తోందనీ, మా ఇద్దరికీ రావడం లేదంటే అది కరోనా లక్షణమనీ, మమ్మల్ని కేబిన్‌లోనే ఉంచి, స్వీడన్‌లో దింపకుండా ఇదే ఓడలో వెనక్కి పంపాల్సి వస్తుందనీ చాలా మర్యాదగా చెప్పాడు. రేవులో చూపిన నెగటివ్ కాగితాలు తీశాను. అవి ఉదయానివి, లక్షణం ఇప్పటిది అన్నాడు. తర్కంలో లోపం లేదు.

శైలజ నా మోచేయి పొడిచింది. "ఏమండి, వాసనొస్తుందని చెప్పున్రి. మీ పరీక్ష పోతది, నౌకరి గూడ పోతది."

చెప్పాను. ఇప్పుడు ఆయన నమ్మలేదు. ఏం వాసనో చెప్పమన్నాడు. ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, ఇంగువ అని వరసగా అప్పజెప్పాను. కళ్లు మూసుకోమని, ధ్రువ్ చేత పోపుల డబ్బాలోంచి ఒక్కో దినుసూ మా మాస్కుల కిందికి పట్టించి అడిగాడు. ఇద్దరమూ తప్పు లేకుండా చెప్పాం. శైలజ అడగకుండానే ఒక పరిశీలన జోడించింది: "ఆవాలు మాడినయ్. స్విచ్చి బంద్ చెయ్యమని చెప్తే ఇన్నరా ఈయన."

ఆ వాక్యాన్ని నేను ఇంగ్లీషులోకి తర్జుమా చేశాక అధికారి బ్రిడ్జికి ఫోను చేసి, వంట పొగ, ప్రమాదం లేదు, రోగులు లేరు అని చెప్పాడు. దుప్పటి కింద ఉబ్బెత్తుగా కనబడుతున్న కుక్కర్‌ను బయటికి తీయించి, దిగేదాకా అది తన దగ్గరే ఉంటుందన్నాడు. వెళ్లబోతూ ఇరా పళ్లెంలోంచి ఒక చెంచా పెరుగన్నం తిని, ఇంగువ బాగుందన్నాడు.

మర్నాడు స్వీడన్‌లో దిగాం. కుక్కర్ తిరిగి వచ్చింది. పరీక్షలో డిటెక్టర్ నిమిషం లోపలే పలికింది, నేను సంతకం పెట్టాను. తర్వాత రెండేళ్లకు, విభాగమే మూసినప్పుడు, యాభై దాటగానే నన్ను మర్యాదగా రిటైర్ చేశారు. దానికి పోపుతో సంబంధం లేదు.

ఈ ఉదంతం నేర్పింది ఇంతే. ఒక నిబంధన నుంచి తప్పుకోవడానికి చెప్పే జవాబు పక్క నిబంధనకు ఎలా వినిపిస్తుందో ముందే చూసుకోవాలి. ఆ తర్వాత ఏ పరీక్షలోనైనా, నాకేమీ కనబడలేదు అని రాసే ముందు కలం ఒకసారి ఆపేవాణ్ణి.

ఇక ప్రమాణం సంగతి. అధికారి పెరుగన్నం తిన్నాడన్నది నా కల్పన. ఆయన మాస్కు తీయలేదు, ఆయన ముఖం ఎలా ఉంటుందో నాకీ రోజుకీ తెలియదు. ఆ కేబిన్‌లో నిబంధన పాటించిన పెద్దమనిషి ఆయన ఒక్కడే. మిగతాదంతా నిజం. శైలజ ఇది చదివి ఇంకో మూడు చోట్ల పెన్సిల్‌తో గీత గీసింది గాని, ఆమెకు సంతకం పెట్టే అధికారం లేదు కనుక వాటిని లెక్కలోకి తీసుకోలేదు.